విద్యా కమిటీ వార్షిక నివేదిక, 2025: బడుల జవాబుదారీతనం, పరీక్షల నిబంధనల్లో మార్పులు

సభ్యులకు నమస్కారం. ఈ ఏడాది మన విద్యా కమిటీ మిగతా కార్యక్రమాలను కొంత తగ్గించుకొని, టెక్సాస్ ప్రభుత్వ పాఠశాలల పరీక్షలు, రాష్ట్రం బడులకు ‘ఏ’ నుంచి ‘ఎఫ్’ వరకు అక్షరాల్లో ఇచ్చే రేటింగుల మీదే ఎక్కువగా పనిచేసింది. కోర్టు కేసుల వల్ల ఆగిపోయిన రేటింగులు ఒకదాని వెంట ఒకటి బయటికి వచ్చాయి. అవి వచ్చిన కొద్ది రోజులకే రాష్ట్రం ఏటా పెట్టే స్టార్ (STAAR) పరీక్షను తొలగించే చట్టం వచ్చింది. ఈ రెండింటి మధ్య మన తెలుగు కుటుంబాల్లో చాలా అయోమయం ఏర్పడింది. మమ్మల్ని సంప్రదించిన తల్లిదండ్రుల్లో ఎక్కువమంది బడికి వచ్చిన అక్షరాన్ని శ్రద్ధగా చూస్తున్నారు గానీ, తమ బిడ్డ పరీక్ష రిపోర్టును చివరిదాకా చదవడం లేదు. ఆ అలవాటును మార్చాలన్నదే ఈ ఏడాది మేము పెట్టుకున్న లక్ష్యం.

ముందుగా ఈ పరీక్షలు ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పాలి, ఎందుకంటే వాషింగ్టన్ వార్తలు చూసి ఇక పరీక్షలే ఉండవనుకున్నవారు కొందరు ఉన్నారు. 2002 జనవరిలో అమల్లోకి వచ్చిన నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్ చట్టం మూడు నుంచి ఎనిమిదో తరగతి వరకు ఏటా, హైస్కూలులో ఒకసారి, రీడింగులోనూ లెక్కల్లోనూ ప్రతి విద్యార్థికీ పరీక్ష పెట్టాలని నిర్దేశించింది. 2013–14 కల్లా పిల్లలందరూ నిర్ణీత స్థాయికి చేరాలన్న దాని గడువు నెరవేరలేదు. 2015 డిసెంబరులో దాని స్థానంలో వచ్చిన ఎవ్రీ స్టూడెంట్ సక్సీడ్స్ చట్టం వెనకబడిన బడులను ఎలా బాగుచేయాలన్న నిర్ణయాన్ని చాలావరకు రాష్ట్రాలకు వదిలేసింది గానీ, ఏటా పరీక్షలు పెట్టడాన్ని, కనీసం 95 శాతం మంది రాయాలన్న నిబంధనను అలాగే ఉంచింది. ఈ ఏడాది మార్చిలో ఫెడరల్ విద్యాశాఖను మూసివేసే దిశగా అధ్యక్షుడు ఉత్తర్వు జారీ చేసినా, ఆ చట్టం మాత్రం అమల్లోనే ఉంది.

రేటింగుల విషయానికొస్తే, 2023లో రాష్ట్ర విద్యాసంస్థ (టెక్సాస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీ) ప్రమాణాలను గట్టిగా పెంచింది. హైస్కూలు పూర్తిచేసినవారిలో కాలేజీకో ఉద్యోగానికో సైన్యానికో సిద్ధమైనవారు ఎందరన్న కొలమానంలో, అంతకుముందు 60 శాతం మంది ఉంటే బడికి ‘ఏ’ రేటింగు వచ్చేది. ఇప్పుడు 88 శాతం ఉండాలి. ముందస్తు సమాచారం సరిగా ఇవ్వకుండా మార్చారంటూ వందకు పైగా స్కూలు డిస్ట్రిక్టులు (ఒక ప్రాంతంలోని బడులను నడిపే స్థానిక సంస్థలు) కోర్టుకు వెళ్లాయి. చివరికి 2023 రేటింగులు ఈ ఏప్రిల్‌లోనూ, 2024, 2025 రేటింగులు రెండూ కలిసి ఆగస్టులోనూ వెలువడ్డాయి. అంటే ఏప్రిల్‌లో ఒక బడికి ‘సీ’ రేటింగు చూసి కంగారుపడిన తల్లిదండ్రులు చూసింది రెండేళ్ల కిందటి బడిని. ఆ అక్షరం ఆధారంగా ఇల్లు మారాలా అని మమ్మల్ని అడిగినవారికి మేము ఒక్కటే చెప్పాం: ప్రాథమిక పాఠశాలల రేటింగు దాదాపు పూర్తిగా స్టార్ ఫలితాల మీదే ఆధారపడుతుంది, అక్కడి సంగీతం గురించి గానీ, టీచర్లు నిలకడగా ఉంటున్నారా లేదా అన్నది గానీ ఆ అక్షరంలో కనిపించదు. రేటింగు వృథా అని మా అభిప్రాయం కాదు. రేటింగును మూడు భాగాలుగా లెక్కిస్తారు; మొత్తంలో 30 శాతం వాటా ఉన్న మూడో భాగం, ఆదాయం తక్కువ ఉన్న కుటుంబాల పిల్లలు, ఇంగ్లీషు నేర్చుకుంటున్న పిల్లలు, ప్రత్యేక అవసరాలున్న పిల్లలు ఎలా చదువుతున్నారో ప్రత్యేకంగా చూపిస్తుంది. మంచి పేరున్న బడి కూడా ఈ పిల్లల విషయంలో దాచుకోవడానికి వీల్లేకుండా చేసేది ఆ భాగమే.

సెప్టెంబరులో గవర్నరు సంతకం చేసిన హౌస్ బిల్లు 8 ప్రకారం, 2027–28 విద్యా సంవత్సరం నుంచి స్టార్ ఉండదు. దాని బదులు ఏడాది మొదట్లో, మధ్యలో, చివర్లో మూడు చిన్న పరీక్షలు ఉంటాయి, ఫలితాలు రెండు రోజుల్లో రావాలి. 2025–26లో ఒకటో తరగతిలో ఉన్న పిల్లలు స్టార్ రాయకుండానే మూడో తరగతి దాటుతారు. అదే ఏడాది మూడో తరగతిలో ఉన్న పిల్లలు మాత్రం 2026, 2027 వసంతాల్లో పాత పరీక్షే రాయాలి. ఫలితం వేసవి సెలవుల్లో చేతికందితే టీచరు చేయగలిగింది ఏమీ ఉండదు కాబట్టి, త్వరగా రావడం నిజంగా మేలే. అయితే పరీక్ష ఒకటి నుంచి మూడు కావడం వల్ల ఏడాది పొడవునా పరీక్షల వాతావరణమే ఉంటుందేమోనన్న ఆందోళన మా కమిటీలోని టీచర్లలో బలంగా ఉంది. ప్రాక్టీసు పరీక్షల మీద ఈ చట్టం పెట్టిన కట్టడిని డిస్ట్రిక్టులు ఎంత నిజాయితీగా పాటిస్తాయన్న దాన్నిబట్టే ఆ సంగతి తేలుతుంది.

ఇంకా తొలగని ఒక పాత భయం గురించి కూడా చెప్పాలి. ఐదో తరగతిలోనో ఎనిమిదో తరగతిలోనో స్టార్ తప్పితే పై తరగతికి పంపరన్న నిబంధనను 2021లోనే తీసేశారు. తప్పిన పిల్లలకు ఇప్పుడు బడి అదనపు బోధన ఇవ్వాలి, అది ఒక సబ్జెక్టుకు 15 లేదా 30 గంటలు. హైస్కూలులో మాత్రం ఐదు పరీక్షలు పాసవ్వాలి. గరిష్ఠంగా రెండు తప్పినా, 2015 నుంచి ఉన్న గ్రాడ్యుయేషన్ కమిటీ విద్యార్థి పనిని పరిశీలించి పట్టా ఇవ్వవచ్చు.

మాకు ఎక్కువ సంతృప్తినిచ్చినవి, రాష్ట్ర ఫ్యామిలీ పోర్టల్‌ను తల్లిదండ్రుల చేత వాళ్ల ఫోన్లలోనే తెరిపించిన సాయంకాలాలు. రిపోర్టు మీద ఉండే యాక్సెస్ కోడ్‌తో లాగిన్ అయితే మార్కులతో పాటు బిడ్డ రాసిన వ్యాసం కూడా కనిపిస్తుందని చాలామందికి తెలియదు. ఏడో తరగతి చదివే ఒక అమ్మాయికి రీడింగులో మార్కులు బాగా తగ్గాయి. ఇంగ్లీషు రావడం లేదనుకొని తండ్రి ట్యూషన్‌కు డబ్బు కట్టబోతున్నారు. పోర్టల్‌లో చూస్తే బిట్లు దాదాపు అన్నీ సరిగ్గా ఉన్నాయి, పది మార్కుల వ్యాసానికి మాత్రం సున్నా. ఆ వ్యాసంలో ఒక్క స్పెల్లింగు తప్పు లేదు. కానీ ఇచ్చిన పాఠంలోంచి ఆధారం చూపమంటే, ఆ పిల్ల తన సొంత అనుభవం రాసింది. విషయ వివరణకు సున్నా వస్తే భాషా ప్రమాణాలకు కేటాయించిన మార్కులు కూడా సున్నాయే అవుతాయి. ఆ పిల్లకు ట్యూషన్ అవసరం లేదు, ప్రశ్న ఏమడుగుతోందో టీచరు ఒకసారి చూపిస్తే చాలు. వ్యాసాలను 2023 డిసెంబరు నుంచి ముందుగా కంప్యూటరు దిద్దుతోందనీ, దాదాపు పావు వంతు మాత్రమే మళ్లీ మనుషుల దగ్గరికి వెళ్తాయనీ కూడా చెబుతున్నాం. వచ్చిన మార్కుపై అనుమానం ఉంటే, డిస్ట్రిక్టు ద్వారా మళ్లీ దిద్దమని అడగవచ్చు.

ఇక అన్నిటికంటే ఎక్కువ పట్టించుకోవలసిన విషయం, బడిలో చేర్చేటప్పుడు నింపే హోమ్ లాంగ్వేజ్ సర్వే. ఇంట్లో ఏ భాష మాట్లాడతారన్న ప్రశ్నకు తెలుగు అని రాస్తే బిడ్డను వెనకబడినవాళ్లలో కలుపుతారన్న భయంతో ఇంగ్లీషు అని రాసే కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి. ఆ భయం మాకు అర్థమవుతుంది, కానీ దానివల్ల జరిగే నష్టం పెద్దది. తెలుగు అని రాస్తే బడి నాలుగు వారాల్లోపు బిడ్డ ఇంగ్లీషును పరీక్షించాలి. బాగా వచ్చిందంటే అక్కడితో అయిపోతుంది, రాకపోతే చట్టప్రకారం సాయం అందుతుంది. మొన్ననే ఇండియా నుంచి వచ్చిన బిడ్డకు ఇంగ్లీషే ఇంటి భాష అని రాయడమంటే, ఆ సాయాన్ని మన చేత్తోనే మూసేయడం. రాసింది దిద్దుకోవాలంటే చేరిన రెండు వారాల్లోపే, అదీ పరీక్ష జరగకముందే అడగాలి. సాయం వద్దని తల్లిదండ్రులు సంతకం చేసినా, ఇంగ్లీషు సరిపడా వచ్చిందని తేలేదాకా ఆ బిడ్డ ప్రతి ఏడాదీ టెల్పాస్ (TELPAS) అనే ఇంగ్లీషు సామర్థ్య పరీక్ష రాయక తప్పదు. వినడం, మాట్లాడడం, చదవడం, రాయడం అన్నీ అందులో ఉంటాయి. మాట్లాడే భాగంలో పిల్లలు హెడ్‌సెట్ పెట్టుకొని కంప్యూటరుతో మాట్లాడాలి. ఇంట్లో గలగలా మాట్లాడే పిల్లలు కూడా అక్కడ ఒక్క ముక్క చెప్పి ఆగిపోతారు. అందుకే ఈ ఏడాది మన వాలంటీర్లు కొత్తగా వచ్చిన కుటుంబాలకు ఫారం నింపడంలో సాయపడడమే కాక, పిల్లలను మైకు ముందు పూర్తి వాక్యాల్లో మాట్లాడేలా అలవాటు చేశారు. తెలుగు రావడం లోపం కాదన్న మాటను ప్రతి ఇంట్లోనూ మేము నమ్మకంగా చెప్పాం, ఇక ముందు కూడా చెబుతాం.

స్కూలు బోర్డు సమావేశాలకు మన సభ్యులు హాజరై మాట్లాడారు. వీసాల మీద ఉన్నవారికి ఓటు లేకపోయినా, బహిరంగ సమావేశంలో మాట్లాడడానికి, బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేసే కమిటీలో తల్లిదండ్రుల తరఫున కూర్చోవడానికి పౌరసత్వం అడ్డురాదు. వరసగా ఐదేళ్లు విఫలమైన బడి ఒక్కటున్నా రాష్ట్రం మొత్తం డిస్ట్రిక్టు బోర్డును తప్పించవచ్చునని 2023లో హ్యూస్టన్‌లో చూశాం, ఈ అక్టోబరులో ఫోర్ట్‌వర్త్ విషయంలోనూ అదే నిర్ణయం ప్రకటించారు. ఎన్నికైన బోర్డు పోతే మన ప్రశ్నలకు జవాబు చెప్పేది ఎవరన్న సంగతి, మన పిల్లలు చదివే బడికి ‘ఏ’ రేటింగు వచ్చినా సరే, మనకు సంబంధించినదే.

వచ్చే ఏడాది మొదటి పని, మూడు పరీక్షల విధానం గురించి రాష్ట్ర విద్యాసంస్థ విడుదల చేసే వివరాలను ఎప్పటికప్పుడు తెలుగులో సభ్యులకు అందించడం. రెండోది, బడిలో పిల్లలకు అందే ఇంగ్లీషు సాయంపై నిర్ణయించే భాషా కమిటీ సమావేశాలకు తల్లిదండ్రులతో కలిసి వెళ్లి, అక్కడ చెప్పింది తెలుగులో వివరించి, వారి ప్రశ్నలను ఇంగ్లీషులో అడగగలిగిన వాలంటీర్ల బృందాన్ని ఏర్పాటు చేయడం. ఈ సమావేశాలు పనివేళల్లో జరుగుతాయి కాబట్టి, పగటిపూట వీలున్న సభ్యులు, ముఖ్యంగా పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు, జనవరి సర్వసభ్య సమావేశంలో తమ పేర్లు ఇవ్వవలసిందిగా కోరుతున్నాం.