పెట్టుబడుల వార్త పక్కనే గ్రామసభ వార్తకూ చోటివ్వండి

సంపాదకుల వారికి,

అయ్యా,

ఏటా అక్టోబరు 7న పేదల పక్షాన నిలిచిన అధికారి ఎస్.ఆర్. శంకరన్ వర్ధంతి, ఆ మర్నాడే హక్కుల ఉద్యమ నేత కె. బాలగోపాల్ వర్ధంతి వస్తాయి. ఆ రోజుల్లో పత్రికల్లో వచ్చే స్మరణ వ్యాసాలను శ్రద్ధగా చదివే పాఠకులలో నేనొకడిని. వాటిలో ఎన్‌కౌంటర్లు, నిజనిర్ధారణ పర్యటనలు, 2004లో ప్రభుత్వానికీ నక్సలైట్లకూ మధ్య జరిగిన శాంతి చర్చలు ప్రముఖంగా ఉంటాయి, ఉండవలసిందే. అయితే 1991 తర్వాత మన సమాజాన్ని సమూలంగా మార్చిన ప్రపంచీకరణతో వీరి కృషికి ఉన్న సంబంధాన్ని మాత్రం ఒకటి రెండు వాక్యాలతో సరిపెడుతున్నారు. ఈ తరం వారి నుంచి నేర్చుకోవలసింది అక్కడే ఎక్కువగా ఉందని నేను భావిస్తున్నాను.

ప్రపంచీకరణ వల్ల మనకు ఒరిగిందేమీ లేదని వాదించడం నా ఉద్దేశం కాదు. హైదరాబాదులోనో అమెరికాలోనో ఉద్యోగం చేస్తున్న పిల్లల సంపాదనతో అప్పులు తీర్చుకుని ఇళ్లు కట్టుకున్న కుటుంబాలు మా వీధిలోనే ఉన్నాయి. కానీ అదే కాలంలో ప్రభుత్వానికీ పౌరుడికీ మధ్య, జవాబు చెప్పవలసిన అవసరం లేని మరో పక్షం వచ్చి కూర్చుంది. ప్రపంచ బ్యాంకు రుణంతో ముడిపడిన విద్యుత్ సంస్కరణలను, చార్జీల పెంపును వ్యతిరేకిస్తూ ప్రదర్శన చేసినవారిలో ముగ్గురు 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌ కాల్పుల్లో చనిపోయారు. తుపాకీ పేల్చినవారు మనవాళ్లే, వారిని నిలదీయవచ్చు. సంస్కరణల షరతులు రాసినవారిని నిలదీసే చోటు ఏ పౌరుడికీ లేదు.

ఈ మార్పును మన హక్కుల ఉద్యమం ముందుగానే గుర్తించింది. అత్యయిక పరిస్థితి నాటి నిర్బంధితుల తరఫున నిలిచిన న్యాయవాది కె.జి. కన్నబిరాన్ తరం ప్రధానంగా పోలీసు స్టేషన్, జైలు, కోర్టు చుట్టూ పోరాడింది. గణితశాస్త్ర అధ్యాపకుడిగా మొదలై, ఆ తర్వాత న్యాయవాదిగా మారిన బాలగోపాల్ 1998లో సహచరులతో కలిసి మానవ హక్కుల వేదికను ఏర్పరచినప్పుడు, హక్కులను కాలరాసేది పోలీసు లాఠీ ఒక్కటే కాదని, కులం, పురుషాధిక్యం, అభివృద్ధి పేరిట జరిగే విస్థాపన కూడా అదే పని చేస్తాయని స్పష్టంగా చెప్పారు. 2005లో సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలాల) చట్టం వచ్చాక భూములు కోల్పోయినవారి పక్షాన ఆయన రాసింది, మాట్లాడింది ఆ అవగాహనతోనే. ఇక శంకరన్ ప్రభుత్వంలోనే ఉండి వెట్టి కార్మికుల విముక్తికి పనిచేసిన ఐఏఎస్ అధికారి. పద్మభూషణ్ ఇస్తామన్నా తీసుకోలేదు.

వీరందరి పనిలో నాకు కనిపించే ఉమ్మడి లక్షణం ఆవేశం కాదు, కాగితం మీద శ్రద్ధ. నోటీసు ఇచ్చారా, గ్రామసభ జరిగిందా, ఏ సెక్షన్ కింద తీసుకున్నారు అన్న ప్రశ్నలను వారు ఎన్నడూ చిన్నవిగా చూడలేదు. అటువంటి శ్రద్ధ ఎంత దూరం తీసుకెళ్లగలదో సమత కేసు చూపింది. విశాఖ మన్యంలోని అనంతగిరి మండలంలో గిరిజన ప్రాంత భూములను ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకు ఇవ్వడాన్ని సమత స్వచ్ఛంద సంస్థ సవాలు చేయగా, గిరిజన ప్రాంత భూములు గిరిజనేతరులకు బదిలీ కాకుండా 1/70 చట్టం పెట్టిన నిషేధం ప్రభుత్వానికి కూడా వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1997 జూలైలో తేల్చింది. దానితో ప్రభుత్వం దొడ్డిదారి వెతుక్కుంది: రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ తానే బాక్సైట్ తవ్వి ప్రైవేటు కర్మాగారాలకు అమ్మే పద్ధతిలో, గల్ఫ్ దేశమైన యూఏఈలోని రస్ అల్ ఖైమాతో 2007లో ఒప్పందం కుదుర్చుకుంది. మన్యం ప్రజలు ఏళ్ల తరబడి ఎదురు నిలిచారు, బాక్సైట్ ఉన్న జెర్రెల కొండలు తవ్వకుండా మిగిలాయి. బాక్సైట్ అందకపోవడంతో రస్ అల్ ఖైమా పెట్టుబడుల సంస్థ, భారత్-యూఏఈ పెట్టుబడుల ఒప్పందాన్ని ఆధారం చేసుకుని అంతర్జాతీయ మధ్యవర్తిత్వానికి వెళ్లింది. ఎక్కడో ఉన్న పెట్టుబడిదారుకు సరిహద్దులు దాటిన న్యాయస్థానం అందుబాటులో ఉంటే, కొండ కింద ఉన్నవారికి, గిరిజన ప్రాంతాల స్వపరిపాలన కోసం తెచ్చిన పీసా చట్టం ఇచ్చిన గ్రామసభే దిక్కు. అది కూడా సక్రమంగా జరిపితేనే!

మా జిల్లాలో ఒక పరిశ్రమకు జరిగిన ప్రజాభిప్రాయ సేకరణకు నేను వెళ్లాను. షామియానా ముందు వరుసల కుర్చీలు పొద్దున్నే బస్సుల్లో దింపినవారితో నిండిపోయాయి. భూములు పోయే ఊళ్లవారు బారికేడ్ల వెనుక ఎండలో నిలబడ్డారు. తెలుగులో పంచింది కొద్ది పేజీల సారాంశం. వందల పేజీల అసలు పర్యావరణ ప్రభావ నివేదిక ఇంగ్లీషులో, వేదిక మీద బల్లపై ఉంది. తన చెరువు పేరు ఆ నివేదికలో ఎక్కడుందో చూపించమని ఒక రైతు అడిగితే, 'సమయం లేదు, క్లుప్తంగా చెప్పండి' అన్నారు. మర్నాడు కొన్ని పత్రికల్లో ఆ సమావేశం ప్రశాంతంగా ముగిసిందని నాలుగు వరుసలు వచ్చాయి.

ఇటువంటి తంతు ఎక్కడికి దారితీస్తుందో మా జిల్లాలోని సోంపేట చూసింది. వేలాది మంది రైతులకు, మత్స్యకారులకు బతుకునిచ్చే బీల (చిత్తడి) భూములను పనికిరాని నేలగా చూపి థర్మల్ విద్యుత్ కేంద్రానికి కేటాయించారు. 2010 జూలై 14న అక్కడ జరిగిన పోలీసు కాల్పుల్లో ఇద్దరు మరణించారు. అదే రోజున జాతీయ పర్యావరణ అప్పీలు ప్రాధికార సంస్థ ఆ ప్రాజెక్టు పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. నివేదికను మొదటే నిజాయితీగా చదివి ఉంటే ఆ రెండు ప్రాణాలు పోయేవి కావు.

2013 భూసేకరణ చట్టం సామాజిక ప్రభావ అంచనాను తప్పనిసరి చేసింది. ఆ తర్వాత రెండు తెలుగు రాష్ట్రాలూ తమ సవరణలతో అనేక రకాల ప్రాజెక్టులను దాని నుంచి తప్పించాయి. పార్టీలు మారినా ఈ విషయంలో ధోరణి మారలేదు. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు రైతు, అధికారంలో ఉన్నప్పుడు పెట్టుబడిదారు గుర్తుకు రావడం మనకు అలవాటైన దృశ్యమే కాబట్టి దానిపై ఎక్కువ రాయను.

నా మనవి పత్రికకే. ఎన్ని వేల కోట్ల ఒప్పందం, ఎన్ని వేల ఉద్యోగాలు అన్నది మొదటి పేజీలో వేస్తున్నప్పుడు, ఏ గ్రామాల్లో ఎన్ని ఎకరాలు, అందులో అసైన్డ్ భూమి ఎంత, గ్రామసభ ఏ తేదీన, అక్కడ జనం ఏమన్నారు అన్నవి కూడా అదే వార్తలో ఉండాలి. ప్రజాభిప్రాయ సేకరణకు చట్ట ప్రకారం కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. అది టెండరు ప్రకటనల మధ్య చిన్న అక్షరాల్లో మరుగున పడకుండా, జిల్లా పేజీలో సాధారణ తెలుగులో వార్తగా ఇవ్వవచ్చు. ఆ ప్రకటనలను సేకరించి, నివేదికల్లోని ముఖ్యాంశాలను తెలుగులో రాసి మీ స్థానిక విలేకరికి పంపడానికి మా విశ్రాంత ఉద్యోగుల బృందం సిద్ధంగా ఉంది.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
శ్రీకాకుళం జిల్లా