ఫస్ట్ ఎడిషన్ అని అమ్మిన పుస్తకం గురించి ఫిర్యాదు

హైదరాబాద్

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: 'ది బుక్ ఆఫ్ టీ' తొలి ముద్రణ కాని ప్రతి పంపడం, డబ్బు వాపసు గురించి.

అయ్యా,

పోయిన నెల మీ సైటులో ఒకాకురా కకుజో రాసిన 'ది బుక్ ఆఫ్ టీ' కొన్నాను. '1906, ఫస్ట్ ఎడిషన్' అని పెట్టి 46,000 రూపాయలు తీసుకున్నారు. వచ్చింది ఫస్ట్ ఎడిషన్ కాదు.

జపాన్ వాళ్ల తేనీటి సంప్రదాయం మీద ఆయన ఇంగ్లీషులో రాసిన ఈ పుస్తకాన్ని మొదట వేసింది న్యూయార్కులోని ఫాక్స్ డఫీల్డ్ అండ్ కంపెనీ. తర్వాత ఆ సంస్థ పేరులోంచి ఫాక్స్ పోయి, డఫీల్డ్ అండ్ కంపెనీ మిగిలింది. మీరు పంపిన ప్రతిలో టైటిల్ పేజీ కింద ఉన్నది ఈ రెండో పేరే. పేజీ తిప్పితే మాత్రం వెనక కాపీరైట్ 1906, ఫాక్స్ డఫీల్డ్ అనే ఉంది. తర్వాతి ముద్రణల్లోనూ ఆ పాత లైను అలాగే ఉంచేశారు. మీవాళ్లు వెనక చూసి రేటు కట్టారు, ముందు చూడలేదు. లేదా చూసీ ఊరుకున్నారు. సైటులోని నాలుగు ఫొటోల్లో టైటిల్ పేజీ లేదు. కొనేముందు అడిగితే "గ్యారంటీగా ఫస్ట్ ఎడిషనే సర్" అని చాట్‌లో జవాబిచ్చారు. స్క్రీన్‌షాట్ జతచేస్తున్నాను.

ఇంకోటి. లోపల అట్టా మొదటి కాగితమూ కలిసేచోట సెల్లోటేప్ అంటించి ఉంది. పచ్చబడిపోయి, వేలు పెడితే జిగురు అంటుతోంది. మీ వివరణలో దాని ఊసే లేదు. ఇక ప్యాకింగ్. నూరేళ్లు దాటిన పుస్తకాన్ని చీర పంపినట్టు ప్లాస్టిక్ కవర్లో పెట్టి పంపారు. కింది మూల నలిగిపోయింది.

ఫోన్ చేస్తే మీ ఉద్యోగి "చదవడానికి బాగానే ఉంది కదా సర్" అన్నారు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టుంది. చదవడానికైతే అది నెట్‌లో ఊరికే దొరుకుతుంది, కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది. ఇదే రచయిత 1903లో లండన్‌లో వేయించిన 'ది ఐడియల్స్ ఆఫ్ ది ఈస్ట్'కి సోదరి నివేదిత ముందుమాట రాశారు. దాని తొలి ముద్రణ, వెనకట్ట ఊడిపోయినది, ఆబిడ్స్ ఆదివారం పుస్తకాల బజారులో 200 రూపాయలకి నాకు దొరికింది. దాని పక్కన పెట్టుకుందామని మూడేళ్లు డబ్బు కూడబెట్టి ఇది కొన్నాను.

మీరు ఇవ్వజూపిన 500 రూపాయల కూపన్ నాకొద్దు. నా 46,000, షిప్పింగ్‌కి కట్టించుకున్న 350 పదిహేను రోజుల్లో వెనక్కి ఇవ్వండి. పుస్తకాన్ని మీ ఖర్చుతోనే తీసుకెళ్లండి. ఇంకొకరికి అమ్మేటప్పుడు తర్వాతి ముద్రణ అనీ, టేపు ఉందనీ రాయండి. లేకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. 5 లక్షల లోపు వ్యవహారానికి అక్కడ ఫీజు కూడా లేదు.

పుస్తకాన్ని నూలుబట్టలో చుట్టి బీరువాలో పెట్టాను. వచ్చే మనిషిని గట్టి అట్టపెట్టె ఒకటి తెమ్మనండి.

ఇట్లు,
మీ కొనుగోలుదారు