నీ నిద్ర రిపోర్టు చదివా మామా

టంగుటూరు,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ మామా,

నువ్వు వాట్సాప్‌లో పెట్టిన ఆరు పేజీలూ ఇందాక తీరిగ్గా చూశా. రెండో పేజీ అడ్డంగా తీశావు, మెడ పట్టేసింది. కింద "ఇంతకీ నేను బతుకుతానా" అని రాశావు. బతుకుతావులే. నాకున్న జబ్బే నీకూ, స్లీప్ అప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం. ఫోన్ చేద్దామనుకున్నా గానీ, రొయ్యల గుంట దగ్గర ఎవరో పిలుస్తున్నారని సగంలో పెట్టేస్తావు. అందుకే ఉత్తరం.

"ఒళ్లు తెలీకుండా గురక పెట్టి నిద్రపోయేవాడికి నిద్ర జబ్బేందిరా" అన్నావు చూడు, నేనూ రెండేళ్లు ఆ మాటే పట్టుకుని తిరిగా. తిరకాసంతా మన మాటలోనే ఉంది. ఎవడైనా హాయిగా పడుకుంటే గుర్రుపెట్టి నిద్రపోయాడంటాం కదా. నిజానికి గొంతు వెనక కండ వదులై, దారి ఇరుకైపోయి, గాలి అందులోంచి రాసుకుంటూ పోయే చప్పుడది. దారి పూర్తిగా మూసుకుంటే అసలు చప్పుడే ఉండదు. మా ఆవిడ ఎప్పుడూ అనేది, "మీ గురకకి కాదండీ, అది ఆగిపోయినప్పుడు నాకు మెలకువ వస్తోంది" అని. నేను నవ్వేసేవాణ్ణి.

సరే, మొదటి పేజీలో ఏహెచ్ఐ, అంటే ఊపిరి అడ్డుపడ్డ లెక్క, 34 అని ఉంది. రాత్రి మొత్తంలో 34 సార్లు ఊపిరి ఆగిందనుకున్నట్టున్నావు. గంటకి 34 రా! నువ్వు నిద్రపోయింది అయిదు గంటలు, అంటే 170 సార్లు. రెండు రకాలు కలిపిన లెక్క ఇది. గాలి దాదాపుగా నిలిచిపోయి కనీసం 10 సెకన్లు అట్లాగే ఉంటే అప్నియా. నిలిచిపోకుండా సన్నబడి, దాంతో రక్తంలో ఆక్సిజన్ పడిపోయినా, మెదడు ఉలిక్కిపడి లేచినా హైపాప్నియా. 5 లోపు ఉంటే మామూలు, 15 దాకా కొద్దిపాటి, 30 దాకా మధ్యరకం, ఆ పైన తీవ్రం. నీది తీవ్రమే. నాకు 41 వచ్చింది, ఇందులో కూడా నేనే ఫస్టు.

"స్లీప్ ఎఫిషియెన్సీ 73" గురించి బెంగ పెట్టుకోకు. పడుకున్న 410 నిమిషాల్లో 300 నిద్రపోయావని దానర్థం. తల నిండా వైర్లు అంటించి, ఛాతీకి, పొట్టకి పట్టీలు చుట్టి, ముక్కులో గొట్టం పెట్టి పడుకోమంటే ఎవడికి నిద్ర పడుతుంది?

"సెంట్రల్" అన్న గడిలో 2 చూసి మెదడుకేమన్నా అయిందేమోనని అడిగావు. ఊపిరి తీసుకోమని మెదడు నుంచి కబురే రాకపోతే దాన్ని సెంట్రల్ అంటారు. అప్పుడు ఛాతీ కదలదు. నీకు మాత్రం ముక్కులో గాలి లేకపోయినా ఛాతీ, పొట్ట కొట్టుకుంటూనే ఉన్నాయి. ఆ పట్టీలు కట్టింది అది పట్టుకోవడానికే. 170లో 2 అంటే వదిలెయ్.

నువ్వు దాటేసిన మూడో పేజీ ఉంది చూడు, అసలు సంగతి దాంట్లో ఉంది. వెల్లకిలా పడుకున్నప్పుడు గంటకి 49, పక్కకి తిరిగితే 12. రెమ్ నిద్రలో 58. రెమ్ అంటే కలలొచ్చే నిద్ర, అది తెల్లవారుజాముకే ఎక్కువ. ఆ వేళ ఒంట్లో కండరాలు చాలావరకు వదులైపోతాయి, గొంతుతో సహా. గుంట నీళ్లలో డీఓ, అదే ఆక్సిజన్, ఎప్పుడు పడిపోతుందో నీకు నేను చెప్పాలా? రొయ్యలు పైకి తేలతాయేమోనని తెల్లవారుజామున లేచి నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు చూసొస్తావు. సరిగ్గా అదే వేళకి నీ రక్తంలో డీఓ 74 శాతానికి పడుతోంది. కోవిడ్ రోజుల్లో 94 లోపు వస్తే వణికిపోయాం కదా, నువ్వు కంగారుపడ్డది అందుకేనని తెలుసు. 74 అన్నది కాసేపు తాకొచ్చిన అట్టడుగు. దానికంటే, 90 కింద ఎంతసేపు ఉన్నావన్న లైను చూడు. నీకు 11 శాతం, అంటే 33 నిమిషాలు. డాక్టరుని దాని గురించి అడుగు.

రెండు మాత్రలు వేస్తున్నా బీపీ లొంగడం లేదనేవాడివి. రాత్రి మూడుసార్లు పాస్‌కి లేస్తున్నానని షుగరు టెస్టులు కూడా చేయించావు. రెంటికీ దీంతో సంబంధం ఉండొచ్చు, చెప్పు ఆయనకి. మాత్రలు మాత్రం నీ అంతట నువ్వు ఆపకు. పొద్దున్నే తలనొప్పి, మధ్యాహ్నం కునుకు నాకూ ఉండేవి. ఓసారి మా టోల్‌గేటు దాటాక కళ్లు మూతలు పడి, తెరిచేసరికి ముందు గ్రానైట్ దిమ్మల లారీ. బ్రేకు పడింది కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నా. నీకు వైద్యం కుదురుకునే దాకా హైవే మీద బండి తోలకు, పిల్లాణ్ణి తోలమను.

ఇక దీని వైద్యం సీపాప్ మిషను, రాత్రి మాస్కుతో పెట్టుకుని పడుకునేది. అదంటే ఆక్సిజన్ పెట్టడం అనుకోకు. నేను తెచ్చుకున్న వారం మా బంధువులు యాపిల్ పళ్లు పట్టుకుని పలకరించడానికి వచ్చారు! అది గదిలో గాలినే కాస్త ఒత్తిడితో పంపుతుంది, గొంతు గోడలు అంటుకోకుండా. 1981లో ఆస్ట్రేలియా డాక్టరు కాలిన్ సల్లివాన్ దీన్ని బయటపెట్టాడు. నీకెంత ఒత్తిడి కావాలో మామూలుగా ఇంకో రాత్రి పడుకోబెట్టి తేలుస్తారు. అది తేలకుండా ఎవరిదో పాత మిషను చవగ్గా వస్తుందని కొనెయ్యకు, నీ సంగతి నాకు తెలుసు. మిషనులో గాలిని తడిపే తొట్టిలో నీళ్లు డిస్టిల్డ్‌వే పొయ్యి, మన బోరు నీళ్లు పోస్తే తెల్లగా గార కట్టేస్తుంది. కరెంటు పోతే ఇన్వర్టరు మీద నడుస్తుంది.

మొదటి పది రోజులు విసుగొస్తుంది. నాకు ఒకచోట సైజు చూడకుండా పెద్ద మాస్కు అంటగట్టారు, రాత్రంతా గాలి కంట్లోకి కొట్టేది. మార్చుకున్నాక పద్దెనిమిదో రోజు అనుకుంటా, పొద్దున లేచి కాఫీ తాగుతుంటే తలనొప్పి లేదని గుర్తొచ్చింది.

నువ్వు మాస్కు ఎంచుకునేటప్పుడు మీసం సంగతి ముందే చెప్పు. అంత గుబురు మీసం మీద నోరూ ముక్కూ మూసే పెద్ద మాస్కు సరిగ్గా ఆనదు, గాలి కారిపోతుంది. ముక్కు దగ్గర మాత్రమే ఆనేది అడుగు. ఒకవేళ మీసం తీసెయ్యమంటే, సలహా ఇచ్చింది నేనని చెల్లెమ్మకి చెప్పొద్దు.

నీ
టంగుటూరు మామ