ఆల్ఫా సెంటారీ ఒక్క నక్షత్రం కాదు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం సంచిక సైన్స్ పేజీలో 'మన పొరుగు నక్షత్రానికి గ్రహం దొరికింది' అన్న వ్యాసం చదివాను. ఆల్ఫా సెంటారీ 4.24 కాంతి సంవత్సరాల దూరంలోని నక్షత్రమని రాశారు. పక్కన బొమ్మలో ఒకే ఒక్క సూర్యుడు. కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి, చూస్తూ ఊరుకోలేక రాస్తున్నాను.

ఆల్ఫా సెంటారీ మూడు నక్షత్రాల గుంపు. ఆ 4.24 అంకె అందులో మూడోదైన ప్రాక్సిమాది. అదొక ఎర్ర మరుగుజ్జు, అంటే చిన్న, మసక నక్షత్రం. 1915లో రాబర్ట్ ఇన్నెస్ కనిపెట్టేదాకా దాని సంగతి ఎవరికీ తెలియదు, ఉత్త కంటికి కనిపించదు కూడా. మనకు కనిపించేది 4.37 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఎ, బి అనే జంట వెలుగు. అవి రెండని మొదట గుర్తించింది మన దేశం నుంచే. 1689 డిసెంబరులో ఫ్రెంచి జెసూట్ ఫాదర్ జాన్ రిషో పుదుచ్చేరిలో తోకచుక్కను గమనిస్తూ టెలిస్కోపును ఇటు తిప్పితే, ఒక్కటనుకున్న చుక్క రెండుగా విడిపోయి కనిపించింది. ఈ ముక్క మన పత్రికల్లో రాకపోతే ఇంకెక్కడ వస్తుంది?

నన్ను ఎక్కువ బాధపెట్టింది వేరే. ఎ ద్రవ్యరాశి సూర్యుడికి 1.1 రెట్లని ఒక అంకె పడేసి వదిలేశారు. ఎవరు తూచారు, ఎలా తూచారు? పదో తరగతి పిల్లవాడు మొదట అడిగేది అదే. ఒంటరి నక్షత్రమైతే చాలావరకు దాని వెలుగును బట్టి అంచనా వేసుకోవాల్సిందే. జంట అయితే ఒకదాన్నొకటి లాగే తీరే బరువు చెప్పేస్తుంది. ఎ, బి ఒకదాని చుట్టూ ఒకటి తిరగడానికి సుమారు 80 ఏళ్లు. ఆ దీర్ఘవృత్తపు కక్ష్య పెద్ద అక్షంలో సగం మనకు 17.5 ఆర్క్ సెకన్ల కోణంగా కనిపిస్తుంది (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు). ఈ జంట పారలాక్స్, అంటే భూమి సూర్యుడి చుట్టూ తిరగడం వల్ల అవి జరిగినట్టు కనిపించే కోణంలో సగం, 0.75 ఆర్క్ సెకను. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 23.3 వస్తుంది. అంటే భూమికీ సూర్యుడికీ మధ్య దూరానికి అన్ని రెట్లు. ఇక కెప్లర్ మూడో నియమం: ఈ దూరం ఘనాన్ని, తిరిగే ఏళ్ల వర్గంతో భాగిస్తే రెండింటి మొత్తం ద్రవ్యరాశి సూర్యుడికి ఎన్ని రెట్లో వస్తుంది. 23.3 ఘనం 12,649, 80 వర్గం 6,400. భాగించి చూడండి, ఇంచుమించు 2. రెండూ కలిపి ఇద్దరు సూర్యుల బరువన్నమాట. ఇందులో ఎవరి వాటా ఎంత? రెండూ ఉమ్మడి ద్రవ్యరాశి కేంద్రం చుట్టూ తిరుగుతాయి, బరువైనది ఆ కేంద్రానికి దగ్గరగా ఉంటుంది. ఆ నిష్పత్తిలో పంచితే ఎకి 1.08, బికి 0.91. నాలుగు వాక్యాల్లో అయిపోయే లెక్క, ఫోన్‌లో కాలిక్యులేటర్ చాలు.

ఆ పారలాక్స్ కూడా ఊరికే రాలేదు. 1832-33లో థామస్ హెండర్సన్ దక్షిణాఫ్రికాలోని కేప్‌లో చేసిన పరిశీలనల్లోనే అది ఉంది. తన లెక్క మీద తనకే నమ్మకం కుదరక ఆయన బయటపెట్టలేదు. ఈలోగా 1838లో జర్మన్ ఖగోళ శాస్త్రజ్ఞుడు బెస్సెల్ 61 సిగ్ని అనే నక్షత్రం దూరం ప్రకటించి, నక్షత్ర దూరం కొలిచిన మొదటివాడన్న పేరు దక్కించుకున్నాడు. పాపం, హెండర్సన్ ఫలితం 1839లో వచ్చింది.

ఎ, బిల మధ్య దూరం ఎప్పుడూ ఒకేలా ఉంటుందన్నట్టు రాయడమూ సరికాదు. కక్ష్య బాగా సాగినది. దగ్గరైనప్పుడు భూమి-సూర్యుడి దూరానికి 11 రెట్లు, దూరమైనప్పుడు 36 రెట్లు. మళ్లీ బాగా దగ్గరయ్యేది 2035లో. ఇక వెలుగు సంగతి: ఎ మన సూర్యుడికి ఒకటిన్నర రెట్లు, కాస్త చల్లని నారింజ రంగు బి సూర్యుడిలో సగం.

చివరగా గ్రహం. 'దొరికింది' అనడం తొందరపాటు. జేమ్స్ వెబ్ టెలిస్కోపుకు 2024 ఆగస్టులో ఎ పక్కన ఒక మసక చుక్క కనిపించింది. 2025 ఫిబ్రవరిలో, ఏప్రిల్‌లో మళ్లీ చూస్తే కనిపించలేదు. కక్ష్యలో తిరుగుతూ నక్షత్రపు వెలుగులో దాక్కుని ఉండవచ్చు, అసలు లేకపోనూవచ్చు. దాన్ని చూసిన శాస్త్రజ్ఞులే ఇంకా నిర్ధారణ కావాలంటున్నారు. నిర్ధారణ అయితే తప్పక పెద్ద శీర్షికే పెట్టండి. లేదని తేలితే, అది కూడా అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో వేయాలని నా మనవి.

– ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు