అల్బుమిన్ తగ్గితే ముందు చూడాల్సింది మూత్రం

సంపాదకులకు నమస్కారం.

లివర్ టెస్టు రిపోర్టులో అల్బుమిన్ (రక్తంలో ఉండే ముఖ్యమైన ప్రొటీన్) 2.4 అని కనిపించగానే మన ఇళ్లల్లో మాట తిండి మీదికి మళ్లుతుంది. సరిగా తినడం లేదు, అందుకే ఒంట్లో ప్రొటీన్ పడిపోయింది అని తేల్చేస్తారు. మర్నాటికి ప్రొటీన్ పౌడరు డబ్బా వస్తుంది. కాళ్ల వాపులు కూడా ఉంటే, రెండు అల్బుమిన్ సీసాలు ఎక్కించండి డాక్టరుగారూ అని బంధువులే అడుగుతారు. ఈ పొరపాటు వల్ల వేల రూపాయలు పోవడం ఒక ఎత్తు, కిడ్నీ జబ్బు నెలల తరబడి బయటపడకుండా ఉండిపోవడం మరో ఎత్తు.

అల్బుమిన్‌ను తయారుచేసేది కాలేయం ఒక్కటే. రోజుకు 10 నుంచి 15 గ్రాములు చేసి రక్తంలోకి వదులుతుంది. అందులో సగం తరిగిపోవడానికి దాదాపు మూడు వారాలు పడుతుంది. కాబట్టి నిన్న తిన్న గుడ్లు ఇవాళ్టి రిపోర్టులో కనిపించవు. పెద్దవాళ్లలో 100 మి.లీ. సీరానికి (గడ్డకట్టిన రక్తం నుంచి వేరయ్యే ద్రవం) 3.5 నుంచి 5 గ్రాములు ఉండాలి. రక్తనాళాల్లోని నీరు బయటికి ఊరిపోకుండా పట్టి ఉంచే బలంలో ముప్పాతిక వంతు దీనిదే. తిండి చాలక ఎముకల గూడులా చిక్కిపోయిన మనిషిలో కూడా, ఇన్ఫెక్షన్ లాంటిది తోడు కాకపోతే, అల్బుమిన్ చాలాకాలం మామూలుగానే ఉంటుంది. పోషకాహారం సంగతి బరువు, కండ, నెల రోజులుగా తింటున్నదాన్ని బట్టి తెలుసుకోవాలి. ఈ ఒక్క అంకె అది చెప్పదు.

మరి ఎందుకు తగ్గుతుంది? కాలేయం గట్టిపడి (సిరోసిస్) తయారీ పడిపోవచ్చు. పేగుల్లోంచి కారిపోవచ్చు. కాలిన గాయాల్లోంచి పోవచ్చు. ఆసుపత్రిలో చేరినవాళ్లలో ఎక్కువగా కనిపించే కారణం ఇన్ఫెక్షన్, ఇన్‌ఫ్లమేషన్ (ఒంట్లో మంట, వాపు). అప్పుడు కాలేయం అల్బుమిన్ పని తగ్గించి సీఆర్‌పీ, ఫైబ్రినోజెన్ లాంటి జబ్బు సమయపు ప్రొటీన్లు తయారుచేయడానికి మళ్లుతుంది. పైగా రక్తనాళాల గోడలు వదులై ఉన్న అల్బుమిన్ కూడా కణజాలంలోకి జారుతుంది. జబ్బు తగ్గితే అల్బుమిన్ తనంతటదే పెరుగుతుంది. గర్భిణుల్లో రక్తద్రవం పెరిగి పలచబడటం వల్ల కొంత తగ్గడం మామూలే.

చాలామంది మరిచిపోయేది కిడ్నీని. పొద్దున్నే కళ్ల కింద ఉబ్బు, సాయంత్రానికి పాదాల్లో వాపు, మూత్రంలో ఎంతకీ చెదరని నురగ ఉంటే అల్బుమిన్ పోతున్న దారి అదే కావచ్చు. రోజుకు 3.5 గ్రాములకు మించి ప్రొటీన్ మూత్రంలో పోతూ, రక్తంలో అల్బుమిన్ తగ్గి, వాపులు వస్తే దాన్ని నెఫ్రోటిక్ సిండ్రోమ్ అంటారు. ఇందులో పోయేది అల్బుమిన్ ఒక్కటే కాదు. రక్తం అనవసరంగా గడ్డకట్టకుండా చూసే యాంటీత్రాంబిన్ పోతుంది కాబట్టి కాలి సిరల్లో గడ్డలు కడతాయి. యాంటీబాడీలు పోతాయి కాబట్టి ఇన్ఫెక్షన్లు సులువుగా పట్టుకుంటాయి. నష్టాన్ని పూడ్చబోయి కాలేయం కొవ్వును మోసే లైపోప్రొటీన్లను కూడా ఎక్కువగా చేయడంతో కొలెస్టరాల్ పెరుగుతుంది. ఇలాంటి రోగికి ప్రొటీన్ పౌడరు పోస్తే కిడ్నీ మీద భారం పెరగడమే తప్ప వాపు దిగదు.

మొదటి పరీక్ష చాలా చవక. పొద్దున్న లేవగానే వచ్చే మూత్రంలో, ప్రొటీన్ ఉంటే రంగు మారే స్ట్రిప్ ముంచి చూస్తే చాలు. అందులో తేడా ఉంటే అదే మూత్రంలో అల్బుమిన్‌కూ క్రియాటినిన్‌కూ (కండరాల నుంచి వచ్చి కిడ్నీ ద్వారా బయటికి పోయే వ్యర్థం) ఉన్న నిష్పత్తి చూడాలి. గ్రాము క్రియాటినిన్‌కు 30 మిల్లీగ్రాముల లోపుంటే మామూలు, 300 దాటితే గట్టిగా పట్టించుకోవాల్సిన విషయం. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్, నెలసరి, ముందురోజు విపరీతమైన శ్రమ ఈ అంకెను పెంచేస్తాయి. అవి తగ్గాక మళ్లీ చేయించాలి.

24 గంటల మూత్రం పట్టమంటే ఎక్కువగా తప్పు జరిగేది మొదటి అడుగులోనే. ఉదయం 6 గంటలకు వచ్చిన మూత్రం పారబోసి టైము రాసుకోవాలి. అక్కణ్నుంచి ప్రతి చుక్కా డబ్బాలో పడాలి. మర్నాడు 6 గంటలకు వచ్చేది కూడా అందులోనే పోయాలి. మొదటిది కూడా పోస్తే లెక్క పెరుగుతుంది, మధ్యలో ఒకసారి బాత్రూంలో వదిలేస్తే తగ్గుతుంది. డబ్బా చల్లని చోట ఉంచాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కనిపించే తరహా కిడ్నీ జబ్బులో మూత్రంలో ప్రొటీన్ చాలా కొద్దిగానే పోతుంది. అక్కడ స్ట్రిప్ బాగుందని ఊరుకోకూడదు, రక్తంలో క్రియాటినిన్ తప్పకుండా చూడాలి.

ఇక సీసా లెక్క. 20 శాతం అల్బుమిన్ 100 మి.లీ. సీసాలో ఉండేది 20 గ్రాములు. 60 కిలోల మనిషి రక్తంలో సుమారు మూడు లీటర్ల ప్లాస్మా (కణాలు కాక మిగిలిన ద్రవం) ఉంటుంది. అల్బుమిన్ 4 ఉంటే అందులో 120 గ్రాములు, 2కి పడిపోతే 60 గ్రాములు. సీసా ఎక్కించగానే అంకె కాస్త పెరుగుతుంది కానీ, ఎక్కించిన దాంట్లో సగానికి పైగా క్రమంగా కణజాలంలోకి సర్దుకుంటుంది. కిడ్నీ కారుతుంటే మిగిలింది మూత్రంలో పోతుంది. అంకె పెంచడం కోసమే ఎక్కించడంలో అర్థం లేదు. లివర్ సిరోసిస్‌తో ఆసుపత్రిలో చేరినవాళ్లకు అల్బుమిన్ 3కి చేర్చాలని రోజూ ఎక్కించి చూసిన బ్రిటన్ పరిశోధన ఫలితాలు 2021లో వచ్చాయి. ఇన్ఫెక్షన్లు, కిడ్నీ దెబ్బతినడం, మరణాలు ఏవీ తగ్గలేదు. ఊపిరితిత్తుల్లో నీరు చేరడం మాత్రం పెరిగింది.

అల్బుమిన్ నిజంగా ప్రాణం కాపాడే సందర్భాలు వేరే ఉన్నాయి. సిరోసిస్ రోగి పొట్టలోంచి ఒకేసారి 5 లీటర్లకు మించి నీరు తీస్తే, తీసిన ప్రతి లీటరుకూ 6 నుంచి 8 గ్రాములు ఇవ్వాలి. పొట్టలోని నీటికి ఇన్ఫెక్షన్ సోకితే మొదటి రోజు కిలో బరువుకు 1.5 గ్రాములు, మూడో రోజు 1 గ్రాము. ఇవి తప్పకుండా ఇవ్వాల్సినవి. ఎక్కించేటప్పుడు వేగం నిమిషానికి 1, 2 మి.లీ. దాటకపోవడం మంచిది. సీసాలోని మందు మడ్డిగా ఉంటే వాడకూడదు, తెరిచాక దాచకూడదు. పలచన చేయాల్సి వస్తే డిస్టిల్డ్ వాటర్ ఎప్పుడూ కలపకూడదు, ఎర్రకణాలు పగిలిపోతాయి.

తిండి అక్కర్లేదని చెప్పడం లేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం ఆరోగ్యవంతుడికి కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి, అంటే 60 కిలోలకు రోజుకు 50 గ్రాములు. కామెర్లు, లివర్ జబ్బు అనగానే పప్పు, గుడ్డు మాన్పించి మజ్జిగన్నం మీద ఉంచే పాత పథ్యం మాత్రం కీడు చేస్తుంది. సిరోసిస్ రోగికి కిలోకు 1.2 నుంచి 1.5 గ్రాములు అవసరం. రాత్రి పడుకునే ముందు కూడా ఏదో ఒకటి తినాలి. రాత్రంతా ఖాళీ కడుపుతో ఉంటే ఒళ్లు తన కండనే కరిగించుకుంటుంది.

రిపోర్టులో టోటల్ ప్రొటీన్ మామూలుగా ఉందని కూడా నిశ్చింతగా ఉండకూడదు. టోటల్ 8, అల్బుమిన్ 2.8 అయితే గ్లోబులిన్ (యాంటీబాడీలు సహా మిగతా ప్రొటీన్లు) 5.2 అన్నమాట. అది చాలా ఎక్కువ. దీర్ఘకాలిక ఇన్ఫెక్షన్లు, సిరోసిస్‌తో పాటు మైలోమా అనే ఎముక మజ్జ క్యాన్సర్‌లో ఇలా ఉంటుంది. నడుం నొప్పి, రక్తహీనత తోడైన పెద్దవయసు వారికి రక్తంలోని ప్రొటీన్లను రకాలుగా విడదీసి చూపే ప్రొటీన్ ఎలక్ట్రోఫోరెసిస్ పరీక్ష చేయించాలి. మైలోమా వల్ల మూత్రంలో పడే లైట్ చైన్ ప్రొటీన్లను (యాంటీబాడీ ముక్కలు) మామూలు స్ట్రిప్ సరిగా పట్టుకోలేదు.

మీ ఆరోగ్య పేజీలో ప్రొటీన్ లోపం గురించి రాసినప్పుడల్లా మూత్ర పరీక్ష మాట కూడా ఒక్క వాక్యం చేర్చమని మనవి. బీపీ, షుగరు చూసే గ్రామ శిబిరాల్లో యూరిన్ స్ట్రిప్ కూడా పెట్టేలా జిల్లా ఆరోగ్య అధికారుల దృష్టికి తీసుకెళ్లండి.

ఇట్లు
ఒక క్లినికల్ బయోకెమిస్ట్రీ అధ్యాపకుడు, విశాఖపట్నం