సైట్ స్పీడైంది, పాత రేటు మాత్రం కదల్లేదు

అందరికీ నమస్కారమండీ. మొన్న శనివారం పొద్దున్న మన పచ్చళ్ల సైట్‌లో ఆవకాయ కిలో 520 నుంచి 560 చేశాను. సోమవారం దాకా మీలో కొందరికి, ముఖ్యంగా డాలస్ వాళ్లకి, 520 అనే కనిపించిందట, తీరా డబ్బు కట్టే చోటికి వచ్చేసరికి 560. "ఇదేం లెక్కండీ" అని వాట్సాప్‌లో గట్టిగానే అడిగారు. తప్పు నాదే.

మన సైట్ సర్వర్ ముంబైలో ఉంది. ఫైబర్‌లో వెలుతురు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది, అయినా 14 వేల కిలోమీటర్ల దూరంలోని డాలస్‌కి వెళ్లి రావాలంటే 140 మిల్లీసెకన్లు, సముద్రం కింద కేబుళ్లు తిన్నగా ఉండవు కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువే. పేజీలో మొదటి అక్షరం రాకముందే బ్రౌజరూ సర్వరూ ఇలా రెండు మూడు సార్లు కబుర్లు పంపుకోవాలి. అందుకే సంక్రాంతి తర్వాత సీడీఎన్ సర్వీసు పెట్టించాను. పెద్ద జాడీ స్టోర్ గదిలో ఉన్నా రోజువారీ వాడకానికి చిన్న సీసాలోకి తీసి వంటింట్లో పెట్టుకుంటాం చూడండి, అదే పని: మన పేజీల కాపీలు మీ ఊరి దగ్గరి సర్వర్లలో ఉంటాయి.

(ఇక్కడివాళ్లకి స్పీడ్ పెరిగింది మాత్రం ఫొటోల వల్ల. ఫోన్‌తో తీసినవి తీసినట్టే ఎక్కించేశాను, ఒక్క గోంగూర ఫొటోనే 4 ఎంబీ! సైజు తగ్గించి వెబ్‌పీ అనే తేలికైన ఫొటో ఫార్మాట్‌లోకి మారిస్తే 150 కేబీకి దిగింది.)

తేడా ఎక్కడ కొట్టిందంటే, ఫొటోలకీ రేట్ల పేజీలకీ కలిపి కాపీ 48 గంటలు ఉండేలా పెట్టేశాను. జాడీలో కొత్తది, సీసాలో పాతది. ఏ ఊరి సీసా ఎప్పుడు నిండిందో దాన్నిబట్టి హైదరాబాద్‌లో 560, డాలస్‌లో 520. పేమెంట్ పేజీ మాత్రం ఎప్పుడూ నేరుగా ముంబై నుంచే వస్తుంది, అందుకే అక్కడ అసలు రేటు పడింది. రేటు మార్చగానే పాత కాపీలు చెరిపేసే బటన్ ఒకటుందట, నాకు సోమవారం తెలిసింది.

ఇప్పుడు ఫొటోలకి నెల, రేట్ల పేజీకి 5 నిమిషాలు పెట్టాను. శనివారం నుంచి సోమవారం లోపు ఆవకాయ కొన్న ప్రతి ఒక్కరికీ కిలోకి 40 రూపాయలు వెనక్కి వేస్తున్నాను, స్క్రీన్‌షాట్లు పంపక్కర్లేదు. ఇంకా 520 కనిపిస్తుంటే అది మీ బ్రౌజర్ దాచుకున్న కాపీ, దాన్ని నేను చెరపలేను, ఒకసారి రిఫ్రెష్ కొట్టండి. మాగాయ వచ్చే వారం పెడతాను, ఈసారి రేటు మార్చగానే ఆ బటన్ నొక్కుతాను.