కూల్చే ముందు ఒక్కసారి పైకప్పు కింద చూడండి

సంపాదకులకు నమస్కారం.

మేం చెన్నై పెరంబూరులో ముప్పై ఏళ్లుగా ఉంటున్నాం. మా ఇంటి పక్కన ఉన్న పాత అపార్ట్‌మెంట్లలో మొదటి బ్లాకుని పోయిన జూన్‌లో కూల్చేశారు. పాతదే, పెచ్చులు ఊడుతున్నాయి, స్లాబులో చువ్వలు బయటికొచ్చేశాయి, పిల్లలున్నవాళ్లు భయపడుతూ బతికారు. దాన్ని కూల్చడం గురించి నాకు ఏ తగాదా లేదు. నేను రాస్తున్నది దాని మెట్ల పైకప్పు కింద ఉన్న పిట్టగూళ్ల గురించి.

ఇరవైకి పైగా గూళ్లు, ఒకదానికొకటి అతుక్కుని, దూలం గోడలోకి వెళ్లే మూలంతా నిండిపోయి ఉండేవి. గడ్డిపోచలు, కోడి ఈకలు, దూది, ఒకదాంట్లోనైతే గాలిపటం దారం కూడా వేలాడుతుండేది. ఈ పిట్టలు నేల మీద వాలి పుల్లలు ఏరుకోవు, గాలిలో ఎగిరొచ్చేవాటిని ఎగురుతూనే పట్టుకుని ఉమ్మితో అంటిస్తాయి. మా అత్తయ్య వీటిని వానపిట్టలనేది. అసలు పేరు హౌస్ స్విఫ్ట్. నల్లగా ఉంటాయి, గొంతు దగ్గరా నడుం మీదా తెల్లటి మచ్చ, కొడవళ్లలాంటి రెక్కలు. సాయంత్రం ఆరు దాటితే గుంపుగా కీచుమంటూ మేడల చుట్టూ తిరుగుతాయే, అవే. చాలామంది గబ్బిలాలనుకుంటారు. కాళ్లు మరీ పొట్టి, వేళ్లు నాలుగూ ముందుకే తిరిగుంటాయి, అందుకని కొమ్మ మీద గానీ కరెంటు తీగ మీద గానీ కూర్చోలేవు, గోడను పట్టుకుని వేలాడాల్సిందే. అంటే ఆ గోడ పోతే పక్క చెట్టెక్కి కూర్చుందాంలే అనుకునే వీలు వాటికి లేదు.

కూల్చడానికి రెండ్రోజుల ముందు తలుపులు, కిటికీలు ఊడదీయడానికి మనుషులొచ్చారు. వాళ్లలో ఒకబ్బాయి గడకర్రకి చీపురు కట్టి ఆ గూళ్లన్నీ దులిపేస్తున్నాడు. నేను పరుగెత్తుకెళ్లేసరికి సగం కింద పడిపోయాయి. "బాబూ, ఆగు, పిల్లలున్నాయి అందులో" అంటే ఆ అబ్బాయి కర్ర దించేసి, "మాకేటి తెల్సమ్మా, మేస్త్రి దులిపీమన్నాడు" అన్నాడు. శ్రీకాకుళం వైపు పిల్లాడు. అతని మీద నాకు కోపం లేదు. ఎందుకంటే ఆ తర్వాత సిమెంటు సంచి పరిచి, నాతోపాటు కూర్చుని ఒక్కొక్క పిల్లనీ ఏరింది అతనే. తొమ్మిది దొరికాయి. నాలుగు అప్పటికే చచ్చిపోయాయి. ఒకదానికి ఇంకా కళ్లు తెరుచుకోలేదు, అరచేతిలో పెట్టుకుంటే పొట్ట ఎగసిపడుతోంది, ఒళ్లు కాలుతున్నంత వేడిగా ఉంది. పెద్ద పిట్టలు మా తలల మీదుగా లోపలికొచ్చి, గూడున్న చోట ఒక్క క్షణం గోడకి తగులుకుని, మళ్లీ బయటికెళ్లి, మళ్లీ వచ్చి, చీకటి పడేదాకా అలాగే తిరిగాయి. వాటి నోళ్లలో మేత ఉంది. ఇవి పట్టిన పురుగులన్నీ ఉండలా చేసి నోట్లో పెట్టుకుని పిల్లల కోసం తెస్తాయి.

ఒక ఆఫీసుకి ఫోన్ చేశాను. పామైతే వస్తామమ్మా, పిట్టగూళ్లకి ఎవర్ని పంపుతాం అన్నారు. ఇంకో నంబరిచ్చారు, అక్కడ ఎవరూ తీయలేదు. మిగిలిన ఐదు పిల్లల్లో ఒక్కటీ బతకలేదు. వాటికి ఏం పెట్టాలో తెలియక నేను పాలన్నం పెట్టబోయాను, అది వాటికి విషంతో సమానమని తర్వాత తెలిసింది. ఇప్పటికీ ఆ సంగతి గుర్తొస్తే మనసు పాడవుతుంది.

చాలామందికి తెలియని విషయం ఒకటుంది, నాకూ అప్పటిదాకా తెలియదు. మన 1972 వన్యప్రాణి రక్షణ చట్టంలో వేట అంటే తుపాకీతో కాల్చడం, వల వేసి పట్టడం మాత్రమే కాదు. పక్షుల గుడ్లని పాడుచేయడం, గుడ్లనీ గూళ్లనీ కదిలించడం కూడా వేట కిందికే వస్తుందని నిర్వచనంలోనే రాసి ఉంది. ఆ చట్టం షెడ్యూళ్లలో, అంటే దానికి జతచేసిన జాబితాల్లో, ఉన్న జీవుల్ని వేటాడటం నేరం. 2022 సవరణ తర్వాత మామూలు శిక్షే మూడేళ్ల దాకా జైలు, లేదంటే లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. వన్యప్రాణి నేరాల నియంత్రణ బ్యూరోకి మన చెన్నైలోనే ప్రాంతీయ కార్యాలయం ఉంది. పులిచర్మం, నక్షత్ర తాబేళ్లు అంటే అందరూ కదులుతారు, కదలాలి కూడా. కానీ గుడ్లతో ఉన్న గూడుని చీపురుతో తుడిచేయడం నేరమని ఆ చీపురు పట్టుకున్న పిల్లాడికీ తెలియదు, పట్టించిన మేస్త్రికీ తెలియదు, నేను ఫోన్ చేసిన చోటా తెలిసినట్టు అనిపించలేదు. మరి ఆ చట్టం ఎవరి కోసం?

బ్రిటన్‌లో 1981 చట్టం ప్రకారం గూట్లో పక్షి కాపురముండగా గూడు చెరిపితే నేరం. అక్కడుండే కామన్ స్విఫ్టులు తగ్గిపోయి 2021లో అక్కడి ప్రమాదంలో ఉన్న పక్షుల జాబితా, రెడ్ లిస్టులోకి ఎక్కాయి. కొత్త ఇళ్లలో స్విఫ్టుల కోసం బోలు ఇటుకలు పెట్టించాలని లక్షమందికి పైగా సంతకాలు చేస్తే 2023లో పార్లమెంటులో చర్చ జరిగింది. అక్కడి పిట్టలు వేసవిలో వచ్చి పిల్లల్ని లేపుకుని ఆఫ్రికా వెళ్లిపోతాయి, చలికాలంలో ఆ గూడు ఖాళీ. మన హౌస్ స్విఫ్టులు అలా కాదండీ. ఏడాది పొడవునా ఇక్కడే ఉంటాయి, గుడ్లు లేని రోజుల్లో కూడా రాత్రి పడుకోవడానికి ఆ గూటికే వస్తాయి. అందుకే పగలు చూసి "ఏమీ లేవులే, ఖాళీ గూళ్లు" అనుకోవడం పొరపాటు. చూడాల్సింది పొద్దుగూకే వేళ.

నేను అడిగేది పెద్ద పనేం కాదు. బిల్డింగు కూల్చడానికి అనుమతి ఎలాగూ తీసుకోవాలి కదా, ఆ కాగితంలో ఒక్క షరతు చేర్చమని కార్పొరేషన్‌నీ, చెన్నై నగరాభివృద్ధి సంస్థ సీఎండీఏనీ కోరుతున్నాను: కూల్చే ముందు ఒక సాయంత్రం ఎవరైనా వచ్చి గూళ్లున్నాయేమో చూడాలి, గుడ్లో పిల్లలో ఉంటే అవి ఎగిరిపోయేదాకా ఆ భాగాన్ని ముట్టుకోకూడదు. గుడ్డు పెట్టిన దగ్గర్నుంచి పిల్ల ఎగిరేదాకా పట్టేది సుమారు రెండు నెలలు. మన దగ్గర కూల్చివేతలకి ఏళ్ల తరబడి కోర్టుల్లో, సొసైటీ మీటింగుల్లో ఆగుతాం, బ్యాంకు లోన్ కోసం ఆగుతాం, ఆషాఢమని ఆగుతాం. ఈ రెండు నెలలు ఆగలేమా? పైగా మొత్తం బిల్డింగు ఆపక్కర్లేదు, మెట్లవైపు చివరికి పెట్టుకుని మిగతాది మొదలుపెట్టుకోవచ్చు.

ఇక కొత్త బిల్డింగుల సంగతి. పాత మద్రాసు టెర్రస్ మేడల్లో టేకు దూలాలుండేవి, సందులుండేవి, చూరుండేది. ఇప్పుడంతా అద్దం, నున్నటి పుట్టీ, పిట్ట గోరు దిగే చోటు లేదు. కట్టేటప్పుడే పైన చూరు కింద నాలుగు బోలు ఇటుకలు పెడితే బిల్డర్లకి అయ్యే ఖర్చు లిఫ్టులో అద్దానికయ్యేంత కూడా ఉండదనుకుంటాను. స్విఫ్టులు వదిలేసిన గూళ్లలో పిచ్చుకలు కూడా చేరతాయి. పిచ్చుకలు పోయాయని బాధపడేవాళ్లు ఇది గమనించాలి. ఇవి తినేది దోమలు, ఉసిళ్లు, రెక్కల చీమలు, గాలిలో ఎగిరే సన్న పురుగులు. దోమల మందు పొగ వేయించుకోవడానికి ఎంత అర్జీ పెట్టుకుంటామో మా వీధివాళ్లకి చెప్పక్కర్లేదు.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, వచ్చే నెలలో రెండో బ్లాకు కూల్చడం మొదలుపెడతారట. మా మనవడూ నేనూ కలిసి నిన్న సాయంత్రం లెక్కపెట్టాం. పదకొండు గూళ్లున్నాయి, వాటిలో కనీసం నాలుగింట్లోకి పెద్ద పిట్టలు మేత పట్టుకుని మాటిమాటికీ వెళ్తున్నాయి, లోపల్నుంచి పిల్లల అరుపులు వినిపిస్తున్నాయి. ఒక్కో గూడు కింద గోడ మీద సుద్దతో నంబరు వేశాం. అటవీశాఖ నుంచి గానీ కార్పొరేషన్ నుంచి గానీ ఎవరొచ్చినా సరే, ఐదున్నర తర్వాత రండి. మెట్ల దగ్గరే ఉంటాను, దగ్గరుండి చూపిస్తాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పెరంబూరు, చెన్నై.